స్వహస్తములతో చేసిన కానుక



మన యిండ్లలో కానుక లేని శుభకార్యము లేదు. సీమంతమునకు చీర, బారసాలకు వెండిగిన్నె, గృహప్రవేశమునకు గోడగడియారము, ఇట్లు ఏదో యొకటి చేతబట్టుకొననిదే మనము ఒకరి గడప త్రొక్కము. ఈ కాలమున కానుక కొనుట మిక్కిలి సులభమైనది. కూర్చున్న చోటు కదలకుండ చరవాణిలో వస్తువు నెంచుకొన్నచో రెండుమూడు దినములలో గుమ్మము ముందు దిగును. అంత సులభముగ వచ్చినది అంత సులభముగనే అటక యెక్కును. మా అటకమీద నేటికిని విప్పని కానుక పెట్టెలు ఏడు గలవు. వానిలో ఏది యెవరిచ్చినదో చెప్పుమన్నచో మేము చెప్పలేము.

మా చెల్లెలి కుమార్తెకు దసరా దినములలో తొలి కాన్పు అని తెలిసినప్పుడు, పుట్టబోవు బిడ్డకు ఈ మారైనను మా చేతులతో ఏదైన చేసి యివ్వవలెనని మాకు కోరిక పుట్టెను. కోరిక యున్నంతగా నేర్పు లేదు. ఊడిన బొత్తాము కుట్టుట తప్ప మాకు సూదిపని రాదు. బడిలో కుట్టుపని గంటలో పుస్తకము చాటున కథలు చదువుకొన్నవారము. ఏబదియేండ్లు దాటిన పిమ్మట ఓనమాలు దిద్దుటకు కూర్చుంటిమి. మూడు పనులు మొదలిడగా రెండు చెడిపోయినవి. చెడినవానివలననే మేము ఎక్కువ నేర్చుకొంటిమి గావున వానినే ముందు చెప్పెదము.

కాగితపు గుజ్జు బుట్ట

మా చిన్నతనమున మా అమ్మగారు ఏటేట పాత కాగితములను నానవేసి బుట్టలు చేసెడివారు. బియ్యము పోసికొనుటకొకటి, ఎండుమిరపకాయల కొకటి, పేలాల కొకటి. బిడ్డ బట్టలు పెట్టుకొనుటకు అట్టి బుట్ట యొకటి చేసిన బాగుండునని తోచెను. చేయు విధము కష్టము కాదు. కిలో పాత వార్తాపత్రికలను చిన్నచిన్న ముక్కలుగా చింపి నీటిలో నానవేయవలెను. దినమునకొకసారి నీరు మార్చుచు మూడు దినములుంచిన కాగితము మెత్తబడును. గుప్పెడు మెంతులను వేఱుగ రాత్రియంతయు నానబెట్టి, కాగితముతో కలిపి మెత్తగా రుబ్బవలెను. మెంతుల జిగురే గుజ్జును పట్టి యుంచును. ఆ చేదునకు పురుగు దరిచేరదని పెద్దల మాట. వెడల్పైన గిన్నెను బోర్లించి, దానిపై తడిగుడ్డ పఱచి, గుజ్జును సమముగ మెత్తి ఎండనియ్యవలెను. సగము ఎండిన పిమ్మట గిన్నెను మెల్లగా తీసివేసి, లోపలి వైపును ఎండబెట్టవలెను.

మేము ఇవన్నియు చేసితిమి. బుట్ట గట్టిగా నుండవలెనను ఆశతో గుజ్జును అంగుళము మందమున మెత్తితిమి. నాలుగవనాడు బుట్ట అంచులపై బూడిదరంగు నూగు కనబడెను. ఆఱవనాడు ఇల్లంతయు ముక్కవాసన. ఎనిమిదవనాడు దానిని పెరటి గుంటలో పూడ్చితిమి.

పిమ్మట ఆలోచింపగా తప్పు రెండు విధములని తెలిసెను. మందము ఎక్కువైనచో పైభాగమెండినను లోపలి తడి పోదు. అర అంగుళమునకు మించకుండ ఒక పూత మెత్తి, అది పూర్తిగా ఎండిన పిమ్మటనే రెండవ పూత వేయవలెను. రెండవ తప్పు మఱింత పెద్దది. మేము పని మొదలిడినది ఆషాఢమాసములో. ముసురు పట్టిన దినములలో కాగితపు గుజ్జు ఎట్లెండును? మా అమ్మగారు వైశాఖపు ఎండలలోనే, ఆవకాయ కారము దంచించు దినములలోనే ఈ పని పెట్టుకొనెడివారను సంగతి మాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చెను. ఆమె చేతులను చూచితిమి గాని ఆమె చూచిన ఆకాశమును మేము చూడలేదు.

లేసు టోపి

ఎదురింటి కోడలు నరసాపురము దగ్గరి పల్లెటూరి పిల్ల. ఆమె చేతిలో కొక్కెపు సూది ఆడుచుండగా చూచి, బిడ్డకు దారముతో టోపి అల్లుదమని తలంచితిమి. పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము లేసు పనికి పేరొందినది. 1844 ప్రాంతమున మెక్రే దంపతులను స్కాట్లండు మిషనరీలు అచ్చటి స్త్రీలకు ఈ పనిని నేర్పిరని చెప్పుదురు. నాటినుండి తల్లియొద్ద కూతురు నేర్చుకొనుచు వచ్చిన ఈ విద్యకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించెను.

గుండ్రని అల్లికకు లెక్కయే ప్రాణము. పొట్టి కుట్టుతో అల్లునప్పుడు మొదట ఆఱు కుట్లతో చిన్న ఉంగరము చేయవలెను. రెండవ వరుసలో 12, మూడవ వరుసలో 18, నాలుగవ వరుసలో 24, ఇట్లు వరుసకు ఆఱేసి కుట్లు పెంచుచు పోయిన అల్లిక పళ్ళెమువలె చదునుగా నుండును. తక్కువ పెంచిన గిన్నెవలె ముడుచుకొనును. ఎక్కువ పెంచిన అంచు అలలు అలలుగా లేచును. నడినెత్తికి చాలినంత వెడల్పు వచ్చిన పిమ్మట కుట్లు పెంచుట మానివేసిన, టోపి ప్రక్కలు దానియంతటవే క్రిందికి దిగును.

ఈ లెక్క యంతయు ఆ పిల్ల మాకు ముందే చెప్పెను. మేము నాలుగు సాయంకాలములు కూర్చుండి, మాటలలో పడి లెక్క మఱచి, తోచినచోటనెల్ల కుట్టు పెంచుకొనుచు పోతిమి. అయిదవనాడు ఆమెకు చూపగా చేతిలో అటునిటు త్రిప్పి నవ్వినది.

“పిన్నిగారూ, ఇది టోపీ కాదండీ, బంతిపువ్వు.”

మేమును నవ్వితిమి. అప్పుడామె తన చిన్ననాటి సంగతి చెప్పెను. బడినుండి వచ్చినది మొదలు దీపాలవేళవఱకు తల్లి ప్రక్కన కూర్చుండి లేసు కుట్టెడిదట. ఎంత కుట్టిన అంతకే కూలి. కుట్టు తప్పిన విప్పి మరల కుట్టవలసినదే, ఆ ప్రొద్దునకు కూలి లేదు. చెప్పి చెప్పి ఆమె మమ్మడిగెను: “మీరు నాలుగు సాయంత్రాలు కూర్చున్నారు కదండీ, ఇదే బాగా వచ్చి ఉంటే ఎంతకి అమ్ముతారు?”

మాకు మాట తోచలేదు. కొన్ని యేండ్ల క్రిందట ఒక ప్రదర్శనశాలలో లేసు బల్లగుడ్డ నొకదానిని గీచిగీచి బేరమాడి, చెప్పిన వెలలో సగమునకు తెచ్చుకొని, ఆ నేర్పును పదిమందికి చెప్పుకొంటిమి. మరియా మీస్ అను జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు నరసాపురపు లేసు స్త్రీలనుగూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంటిలో కూర్చుండి చేయుటచేత ఆ స్త్రీల శ్రమ తీరికవేళ పనిగానే లెక్కింపబడుచుండెననియు, వారి చేతికి వచ్చునది మిక్కిలి స్వల్పమనియు ఆమె చూపెను. ఆ బల్లగుడ్డ తెచ్చుకొన్ననాడు మా లెక్కయు అదియే. మా చేతులతో నాలుగు సాయంకాలములు పాడుచేసికొన్న పిమ్మటనే దాని వెల మాకు తెలిసినది. స్వహస్తముతో పని చేసి చూచుటవలన కలుగు లాభములలో ఇది యొకటి. మన పని బాగుగ రాకపోయినను, ఇతరుల పని విలువ తెలియును.

బిడ్డకు టోపి వలదని ఆ పిల్లయే సలహా చెప్పెను. పసిబిడ్డల వ్రేళ్ళు అల్లిక రంధ్రములలో చిక్కుకొనును, దారము బిగిసిన ప్రమాదము. అందుచే బాలింత తలగడ గలేబుకు లేసు అంచొకటి ఆమెచేతనే కుట్టించితిమి. ఆమె చెప్పిన వెల ఆమెకిచ్చితిమి. బేరమాడలేదు.

అమ్మ చీరల బొంత

శ్రావణము గడచిపోయినది. చేతిలో కానుక లేదు. అప్పుడు మా దృష్టి పడకగదిలోని రేకు పెట్టెమీద పడెను.

ఈ సంగతి చెప్పుటకు కొంచెము సిగ్గుపడవలసియున్నది. ఆ పెట్టెలో మా అమ్మగారి నూలుచీరలు ఆఱు గలవు. ఆమె పోయి రెండేండ్లయినది. కర్మకాండ ముగిసిననాడు మా చెల్లెలు, “ఒక చీర ఇవ్వవే అక్కా” అని అడిగెను. “తరవాత చూద్దాంలే” అంటిమి. ఆ తరువాత చూడలేదు. ఇయ్యరాదని కాదు. పెట్టె మూత తెఱచిన అమ్మ నిజముగ వెళ్ళిపోవునేమో యని ఒక పిచ్చి భయము. చెల్లెలు మరల అడుగలేదు. అడుగకపోవుటయే మాకు ముల్లయ్యెను. పండుగలకు ఫోనులో మాటలాడుకొనెడివారము గాని, ఆ మాటలు క్షేమసమాచారములు దాటెడివి కావు.

పాత నూలుచీరలతో పసిబిడ్డలకు బొంత కుట్టుట మన దేశమున తరతరముల వాడుక. వంగదేశపు కాంథా, బీహారునందలి సుజని ఇట్లే పుట్టినవి. వంగ స్త్రీలు కుట్టుదారమునుకూడ పాత చీర అంచులనుండియే లాగుకొనెడివారు. కన్నడదేశమున సిద్ది స్త్రీలు గుడ్డముక్కలను మూలనుండి మొదలిడి చుట్టును కుట్టుకొనుచు నడిమికి వత్తురు. ఏండ్లతరబడి ఉతికిన నూలుబట్టకంటె మెత్తనిది అంగడిలో దొరకదు. పొరలనడుమ గాలి నిలుచును గావున వెచ్చగా నుండును. దూదిపరుపువలె గాక ఉతికిన త్వరగా ఆఱును.

మేము పెట్టె తెఱచి నీలపు చీర ముందఱ వేసికొని, కత్తెర పట్టుకొంటిమి. చేయి సాగలేదు. కత్తెర క్రింద పెట్టి చెల్లెలికి ఫోను చేసితిమి. సంగతి చెప్పితిమి. అవతల చాలసేపు మాట లేదు. పిమ్మట ఆమె అన్నది: “కొయ్యి అక్కా. చెంగు మాత్రం నాకుంచు.”

మఱునాటి ఉదయము బస్సులో ఆమెయే వచ్చినది.

కుట్టు విధము

ఇద్దఱమును కూర్చుండి చేసిన విధమిది. మొదట చీరలను వేడినీట ఉతికి ఎండలో ఆఱవేసితిమి. ఆఱిన బట్టను వెలుతురునకు ఎత్తిపట్టి చూచి, పలుచబడిన చోటులను సుద్దతో గుర్తించితిమి. రెండు చేతులతో లాగిన చిట్లునట్టి బట్ట బొంతకు పనికిరాదు. జరీ అంచులు పసిబిడ్డ చర్మమును గీయును గావున తీసివేసితిమి. గజము పొడవు, 30 అంగుళముల వెడల్పున ముక్కలు చేసితిమి. సుమారు అయిదున్నర మీటర్ల చీరనుండి ఇట్టివి ఏడు వచ్చును. నాలుగు పొరలకు ఒక్క చీరయే చాలును. మేము లోపలి పొరలకు వెలిసిన చీర నొకటి, పై పొరలకు నీలపు చీరను వాడితిమి. ఆఱు చీరలను కోయవలసివచ్చునని భయపడినవారము, రెంటితోనే పని తీరినది. నీలపు చీర చెంగును ముందే వేఱుచేసి మడచి పెట్టితిమి.

పొరలను నేలపై చదునుగా పఱచి, నడిమినుండి అంచులవైపునకు పెద్దపెద్ద తాత్కాలికపు కుట్లు వేయవలెను. అంచునుండి నడిమికి వచ్చిన ముడుతలన్నియు మధ్యను చేరి కూర్చుండును. ఇది మా చెల్లెలు చెప్పినది. పిమ్మట అంగుళమున కొక వరుస చొప్పున, సూదిని పైకిని క్రిందికిని దూర్చుచు తిన్నగా కుట్టుకొనిపోవలెను. దారము మూరెడున్నరకు మించిన చిక్కుపడును. ముడి పైకి కనబడకుండ పొరల నడుమ దాచవలెను. కడపట నాలుగంచులను లోనికి మడచి దగ్గరగా కుట్టవలెను. తాత్కాలికపు కుట్లను అప్పుడు విప్పివేయవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది సూదుల లెక్క. పనికి కూర్చుండునప్పుడు ఎన్ని సూదులు, గుండుసూదులు తీసితిమో, లేచునప్పుడు అన్నిటిని లెక్కించి డబ్బీలో పెట్టవలెను. బిడ్డ పడుకొను బట్టలో ఒక్కటియు మిగులరాదు.

మా బొంతకు దాదాపు 30 వరుసలు వచ్చినవి. అంగుళమునకు నాలుగు కుట్లైనను నాలుగువేలకు పైబడిన కుట్లు. మేము కుడిమూలనుండి, చెల్లెలు ఎడమ మూలనుండి మొదలిడితిమి. ఆమె కుట్లు చీమలబారువలె సన్నముగ నుండెను. మావి వడ్లగింజలంతేసి. మొదటి దినము మా వరుస వంకరపోగా విప్పి మరల కుట్టుదమంటిమి. “ఉండనీ అక్కా. అమ్మ ముగ్గు కూడా అట్లాగే ఒక పక్కకి ఒరిగేది” అనెను. అప్పుడు ఇద్దఱకును నవ్వు వచ్చినది, తరువాత ఏడ్పు వచ్చినది. రెండేండ్లుగా చెప్పుకొనని మాటలన్నియు ఆ వరుసల నడుమ చెప్పుకొంటిమి. పెట్టె ఏల తెఱవలేదో మేము చెప్పితిమి. మరల ఏల అడుగలేదో ఆమె చెప్పినది. తలలు వంచి కుట్టుకొనుచుండుటచేత ఒకరి మొగమొకరు చూడవలసిన పని లేకపోయెను. ముఖాముఖి యైన ఆ మాటలు నోట వచ్చెడివి కావేమో. చెల్లెలు నాలుగు దినములుండి వెళ్ళినది. మిగిలిన భాగమును దినమునకు గంటసేపు చొప్పున కూర్చుండి పదునెనిమిది దినములలో మేము ముగించితిమి.

తొలిసారి చేయువారికి

మావలె ఆలస్యముగ మొదలిడు సోదరీమణులకు కొన్ని మాటలు. తీసికొనువారికి దినమును పనికి వచ్చు వస్తువును ఎంచుకొనుడు. చూచి మెచ్చుకొనుటకు మాత్రమే పనికి వచ్చునది నేర్పరులకు వదలుడు. వంకరను సహించు పనితో మొదలిడుడు. బొంతలో కుట్టు ప్రక్కకు పోయిన బొంత చెడదు, గుండ్రని అల్లికలో లెక్క తప్పిన అంతయు చెడును. ఋతువును చూచుకొనుడు. చేసెదమనుకొన్న కాలమునకు రెట్టింపు కాలము చేతిలో నుంచుకొనుడు. మొదటి ప్రయత్నమును పాతగుడ్డపై, చిన్న ముక్కపై చేసి చూచిన పిమ్మటనే దాచుకొన్న బట్టను ముట్టుడు. మఱి ఇంకొకరిది కూడ అయిన వస్తువును కోయుటకు ముందు వారి నొక్కమాట అడుగుడు.

బొంత యిచ్చునప్పుడు ఒక హెచ్చరికయు చెప్పవలెను. ఏడాది నిండని బిడ్డ నిద్రించునప్పుడు వదులైన దుప్పట్లు గాని బొంతలు గాని కప్పరాదనియు, గట్టి చదునైన పఱుపుపై వెల్లకిల పరుండబెట్టవలెననియు నేటి వైద్యులు చెప్పుచున్నారు. మెలకువగ నున్నప్పుడు నేలపై పఱచి ఆడించుటకును, ఎదిగిన పిమ్మట కప్పుకొనుటకును బొంత బాగుగ నుండును. మేమును అట్లే చెప్పి యిచ్చితిమి.

బారసాలనాడు బొంతను మడత విప్పి చూపగా కొందఱు పెదవి విఱిచిరి. ఒకావిడ, “పాతచీరలా!” అని మెల్లగా ననెను. బాలింత దానిని ఒడిలోనికి తీసికొని చేతితో నిమిరి, “పెద్దమ్మా, ఈ పెద్ద కుట్లు నీవే కదూ?” అని అడిగెను. మావే యంటిమి. “ఈ చిన్నవి అమ్మవి. ఇదిగో, ఇక్కడ కలిశారు” అని నడిమి వరుసను వ్రేలితో చూపెను.

నీలపు చీర చెంగు ఇప్పుడు మా చెల్లెలి యింట నున్నది. మిగిలిన నాలుగు చీరలలో రెండు ఆమె తీసికొనిపోయినది, రెండు మాయొద్ద నున్నవి. రేకు పెట్టెకు తాళము వేయుట మానితిమి. వచ్చే వైశాఖమున మరల కాగితములు నానవేసెదము. ఈ మారు గుజ్జు అర అంగుళమునకు మించనియ్యము.